అంతోనివారి ఖాళీ చెయ్యి

లా వెగాసితా ఊళ్లో సెనైదా మొంద్రగోన్ నోటికి భయపడనిది ఆవిడ ఇంటి వెనక పారే కాలవ ఒక్కటే. దానికి చెవుల్లేవు కాబట్టి సరిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్లు బడి వంటశాలలో గరిటె పట్టిన మనిషి. ఆ లోయలో రెండు తరాల పిల్లలు ఆవిడ చేతి మిరప పులుసూ తిన్నారు, ఆవిడ నోటి తిట్లూ తిన్నారు. వాళ్లలో ఒకడు ఇప్పుడు జడ్జి, ఇంకొకడు జైల్లో ఉన్నాడు. ఇద్దరినీ ఆవిడ ఈనాటికీ "ఏరా, చేతులు కడుక్కున్నావా?" అనే పలకరిస్తుంది.

అలాంటి మనిషి ఆ శుక్రవారం ఆస్పత్రి గదిలో, పెదవి విప్పకుండా, ఒళ్లో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది. మంచం మీద మొగుడు రొమాల్దో. ముక్కులో గొట్టం, చేతికి సూది. గుండెలో కవాటం ఒకటి పూర్తిగా పాడైందనీ, సోమవారం పొద్దున ఏడింటికి ఆపరేషన్ చేసి మార్చాలనీ డాక్టరు చెప్పాడు. లేకపోతే క్రిస్మస్ చూడడని కూడా చెప్పాడు. చెప్పి, సంతకం కోసం కాగితం ముందుకు జరిపాడు. రొమాల్దో కలం తీసుకుని, దాని వంక ఒకసారి చూసి, నీళ్ల గ్లాసు పక్కన పెట్టేశాడు.

"బిడ్డని తిరిగిచ్చేదాకా నా ఒంటి మీద కత్తి పడటానికి వీల్లేదు."

"ఎవరి బిడ్డండీ?" అన్నాడు డాక్టరు.

"అంతోనివారి బిడ్డ. ఇదిగో, ఈ మహాతల్లే ఎత్తుకొచ్చింది. యాభై నాలుగేళ్లయింది."

డాక్టరు చేతిలో ఉన్న మందుల చీటీ మరోసారి చదువుకున్నాడు, ఏ మందు ఎక్కువైందో చూద్దామని కాబోలు.

"గుండె పాడైందన్నారు గానీ బుర్ర సంగతి చెప్పలేదే!" అంది సెనైదా, అతను బయటికి వెళ్లగానే. "మతి ఉండే మాట్లాడుతున్నావా ముసలాయనా?"

"ఉంది కాబట్టే మాట్లాడుతున్నానే. ఇన్నాళ్లూ నేను అరువు మీద బతికాను. దొంగసొత్తు ఇంట్లో పెట్టుకుని ఆ బల్ల మీద పడుకుని పోయాననుకో, పైన ఆయన మొహం ఎట్లా చూడమంటావు? ముందు నువ్వెళ్లి ఆ బిడ్డని తండ్రికి ఇచ్చేసి రా. అప్పుడు కోయించుకుంటా. తొడపాశం పెట్టినా అంతకుముందు సంతకం పెట్టను."

ఇది అర్థం కావాలంటే మా లోయ ఆడవాళ్ల సంగతి కొంచెం తెలియాలి. మాకు చర్చిలో కొలిచే పునీతులంటే భక్తి ఉంది గానీ భయం తక్కువ. అడిగింది ఇవ్వని పునీతుణ్ణి గోడవైపు తిప్పి నిలబెడతాం. అప్పటికీ మొండికేస్తే పెట్టెలో పెట్టి మూత వేస్తాం. వాన కురిపించని ఇసిదోరువారిని ఎండిన చేలోకి మోసుకెళ్లి, "చూసుకో నీ నిర్వాకం" అని చూపిస్తాం. అంతోనివారితో పని మరీ సులువు. ఆయన చేతిలో బాలయేసు ఉంటాడు. ఆ బిడ్డని ఊడదీసి దాచేస్తాం. నా పని చేసిపెట్టు, నీ బిడ్డ నీకిస్తా. అంతే బేరం. ఎక్కడ దాచామో, అసలు దాచింది ఎవరో కన్నతల్లికి కూడా చెప్పకూడదు, చెబితే పని చెడుతుంది. పని జరిగాక మాత్రం ఒక్క పూట ఆలస్యం చెయ్యకూడదు. దీన్ని ఎవరైనా అనాచారం అంటే, వాళ్లు ఎప్పుడూ ఎవరికోసమూ ఎదురుచూసి ఉండరని మా వాళ్లు అనుకుంటారు.

సెనైదాకి పద్దెనిమిదేళ్లప్పుడు, ఇంకా పెళ్లి కాకముందే, రొమాల్దోని వియత్నాం యుద్ధానికి పట్టుకెళ్లారు. మొదట్లో వారానికో ఉత్తరం వచ్చేది. తర్వాత నాలుగు నెలలు ఒక్క ముక్క లేదు. సెనైదావాళ్ల ఇంట్లో తాతల నాటి అంతోనివారి చెక్కబొమ్మ ఉండేది, మూరెడు ఎత్తు, పురుగు తొలిచిన పాదాలు, ఎవరికో అప్పు ఇచ్చి ఎగ్గొట్టించుకున్నట్టు దిగాలు మొహం. సెనైదా ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ చేతి మీది వేలెడంత బిడ్డని మెలితిప్పి ఊడదీసింది. "వాడు బతికి రావాలి. రాకపోతే నీ బిడ్డ మొహం నువ్వు చూడవు," అని చెప్పి, బేకింగ్ పౌడరు డబ్బాలో పెట్టి, చిక్కుళ్ల గంపలో అడుగున పూడ్చింది. ఇంట్లో గగ్గోలైంది. ఎవరు తీశారని తల్లి పేత్రా అడిగితే అందరితో పాటు తనూ తల అడ్డంగా ఊపింది.

ఆ వేసవిలో పట్నం నుంచి ఒక వర్తకుడు బండి నిండా సున్నపు బొమ్మలు వేసుకుని ఊళ్ల మీద పడ్డాడు. పాత చెక్క పునీతుణ్ణి ఇస్తే కొత్త పునీతుణ్ణి ఇస్తాడు. నీలికళ్లు, గులాబీ బుగ్గలు, అంగీకి బంగారు అంచు. మా అమ్మలూ అమ్మమ్మలూ ఎగబడ్డారు. తెలివితక్కువతనం అంటారా, అనండి, నేనూ అంటాను. పేత్రా కూడా ఒక గురువారం బేరం చేసేసింది. ఆపిల్ పండ్ల కొట్టంలో పని ముగించుకుని సెనైదా ఇంటికి వచ్చేసరికి గూట్లో కొత్త అంతోనివారు నవ్వుతున్నాడు.

"పురుగు పట్టిన చెక్క ఇచ్చి బంగారు అంచు పట్టాను. బిడ్డ లేడని వాడు నసిగాడు గానీ నేను వదుల్తానా? మీ నాన్న జన్మలో ఇలాంటి బేరం చేశాడా?" అంది పేత్రా.

సెనైదాకి నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. బిడ్డ నా దగ్గరుంది, వాణ్ణి వెనక్కి పిలవమని అరవాలి. అరిస్తే చెప్పినట్టవుతుంది. చెబితే రొమాల్దో రాడు. వర్తకుడి బండి దుమ్ము ఇంకా దారి మీద కనబడుతూనే ఉంది. ఆ పిల్ల వాకిట్లో నిలబడి పెదాలు కొరుక్కుంటూ ఆ దుమ్ము అణిగేదాకా చూసింది.

ఆదివారం మధ్యాహ్నం బస్సులోంచి రొమాల్దో దిగాడు. భుజంలో ఇనుప ముక్క, కాళ్లూ చేతులూ అన్నీ ఉన్నాయి. సెనైదా అతని మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చి, సంగతంతా చెప్పి, మర్నాడే వర్తకుడి కోసం బయలుదేరింది. నాలుగు ఊళ్లు తిరిగింది. వాడి పేరు ఒక్కో ఊళ్లో ఒక్కోలా చెప్పారు. కొత్త అంతోనివారి ముక్కు క్రిస్మస్ లోపే రాలిపోయింది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి, సెనైదాకి నచ్చకపోయినా. తిరిగి ఇవ్వలేకపోయినందుకు ఆవిడ మొదటి ఏడాది బాధపడింది. తర్వాత బాధపడటం మానేసింది. రొమాల్దో లారీ మంచులో బోల్తా పడ్డప్పుడు ఆ డబ్బా మూత తీసింది. "నీ బిడ్డ ఇంకా నా దగ్గరే ఉంది, గుర్తుంచుకో," అంది, తండ్రి ఎక్కడున్నాడో తెలియకపోయినా. అతనికి కడుపులో పుండు పడ్డప్పుడూ అదే మాట. మొదటిసారి గుండె నొప్పి వచ్చినప్పుడూ అదే. ప్రతిసారీ రొమాల్దో లేచి కూర్చున్నాడు. లేచినప్పుడల్లా "అరువు గడువు పెరిగింది" అని నవ్వేవాడు. ఆవిడకి అది నవ్వులాట కాదు.

ఆ శుక్రవారానికి ముందురోజే మేనకోడలు ఓర్లిందా ఒక రంగుల కాగితం పట్టుకొచ్చింది. ఆ పిల్ల శాంటా ఫే నగరంలో ఒక హోటల్లో పనిచేస్తుంది. ఆ హోటలువాళ్లు పైరాష్ట్రాల వాళ్ల కోసం వారాంతంలో ఒక యాత్ర నడుపుతారు. 'ఎడారి నగరంలో రెండు రోజులు: రుచులు, కళలు' అని దానికి పేరు. ఆ కాగితం మీద ఒక గ్యాలరీ ఫోటో, ఫోటోలో మూరెడు ఎత్తు చెక్కబొమ్మ, పురుగు తొలిచిన పాదాలు, చాచిన ఖాళీ చెయ్యి. రొమాల్దో దాన్ని దిండు కింద పెట్టుకున్నాడు. ఆపరేషన్ సంతకానికి మెలిక పెట్టింది ఆ కాగితం చూశాకే.

"గ్యాలరీకి ఫోన్ చేశానత్తా. కొనేవాళ్లకీ, మా యాత్రలో వచ్చేవాళ్లకీ తప్ప తలుపు తియ్యరట," అంది ఓర్లిందా. "నా వంతు సీట్లు రెండున్నాయి. గ్యాలరీ ఆదివారం మధ్యాహ్నం. కానీ శనివారం నుంచీ తిరగాలి."

"నలభై మైళ్ల దూరంలో పుట్టి పెరిగినదాన్ని, నన్ను శాంటా ఫే చూపించడానికి తీసుకెళ్తారా?"

"నువ్వు నోరు అదుపులో పెట్టుకుంటేనే."

"ప్రయత్నిస్తా," అంది సెనైదా. తనకి సాధ్యం కాదని ఇద్దరికీ తెలుసు.

శనివారం పొద్దున వ్యాను ఎక్కారు. యాత్ర నడిపేవాడి పేరు బ్రెంట్. మూడేళ్ల కిందట ఏదో మంచు ప్రాంతం నుంచి వచ్చాడు, ఈ మూడేళ్లలో మెడలో నాలుగు నీలిరాళ్ల దండలు, నడుముకి వెండి పలకల పటకా, నోట్లో ఆరు స్పానిష్ మాటలు సంపాదించాడు. ఆరూ తప్పే. వ్యానులో వీళ్లిద్దరూ కాక పదిమంది. సెనైదా పక్క సీట్లో పెద్ద గడ్డి టోపీ పెట్టుకున్న ఒకావిడ, రిటైరైన లెక్కల టీచరు.

"మీరెక్కడి నుంచి వచ్చారు?" అంది టోపీ ఆవిడ.

"ఆ కొండ వెనక నుంచి."

"అయ్యో, ఎంత దగ్గర! మరి మీకు ఇదంతా కొత్తా?"

"చూస్తుంటే కొత్తగానే ఉందమ్మా," అంది సెనైదా కిటికీలోంచి చూస్తూ. బయట ఇళ్లన్నీ మట్టి రంగులో ఉన్నాయి, మట్టివి మాత్రం కావు. లోపల చెక్కా ఇనుప వలా, పైన గోధుమరంగు సిమెంటు. పైన పటారం, లోన లొటారం. నిజం మట్టి ఇళ్లలో ఉన్నవాళ్లు వాటి పన్నులు కట్టలేక అమ్ముకుని, ఊరి చివర రేకుల ఇళ్లలోకి పోయారు. ఇప్పుడు వాళ్లే పొద్దున్నే వచ్చి ఈ సిమెంటు గోడలకి పగుళ్లు కనబడేలా చేసి వెళ్తుంటారు, పాతగా ఉండాలట.

మొదటి మజిలీలో పొసోలే పెట్టారు. ఉడికిన మొక్కజొన్న గింజలూ పంది మాంసం పులుసూ. మా ఇళ్లలో అది చేస్తే గుండిగ దించడానికి ఇద్దరు మగవాళ్లు కావాలి. ఇక్కడ టీ కప్పులో వచ్చింది. పైన ఒక పువ్వు.

"ఇది వాసన చూడటానికా?" అంది సెనైదా.

"రుచి చూడటానికి, సెన్యోరా!" అన్నాడు బ్రెంట్ హుషారుగా. "మిత్రులారా, ఇక్కడి మిరపకాయల్లో రెండు రకాలు. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది..."

తాతకు దగ్గులు నేర్పడం అంటే ఇదే. ఓర్లిందా మోచేత్తో పొడిచింది, లాభం లేకపోయింది.

"రెండు రకాలు కాదు నాయనా, మొక్క ఒకటే. ఆగలేనివాడు పచ్చిగా కోస్తాడు, ఆగగలిగినవాడు ఎర్రబడనిస్తాడు. నువ్వు పచ్చిగానే వచ్చినట్టున్నావు."

టోపీ ఆవిడ కిసుక్కున నవ్వింది. బ్రెంట్ కూడా నవ్వాడు, అర్థం కాకపోయినా నవ్వడం అతని ఉద్యోగంలో భాగం.

రెండో మజిలీలో ఎర్ర మిరప పులుసు. సెనైదా చెంచా నాలుక మీద పెట్టుకుని ఆగిపోయింది. అందులో జీలకర్ర. మీ ఇళ్లలో జీలకర్ర లేనిదే పొయ్యి వెలగదేమో, అది మీ ఇష్టం. మా లోయలో మాత్రం ఎర్ర పులుసులో జీలకర్ర వేసినవాణ్ణి వంటింటి గడప తొక్కనివ్వరు. మిరపకాయ, వెల్లుల్లి, ఉప్పు. నాలుగోది వేశావంటే మిరపకాయ మీద నీకు నమ్మకం లేదన్నమాట.

"వంటవాణ్ణి పిలువు," అంది సెనైదా.

"అత్తా, వద్దు. రేపు గ్యాలరీ ఉంది. ఇవాళే దింపేస్తే మామయ్య గతేంటి?"

ఆ మాటకి సెనైదా చెంచా కింద పెట్టింది. జీలకర్ర కూడా మింగేసింది. ఆ రోజు ఆవిడ మింగినవాటిలో అది ఒకటి. మిరపకాయ కలిపిన చాక్లెట్టు మింగింది, నల్ల మొక్కజొన్న అట్టు మీద బెర్రీ పళ్ల పాకం మింగింది. అరవై మంది పిల్లలకి ఒంటిచేత్తో వండి పెట్టినదానికి, రొట్టె ఎలా వత్తాలో ఇరవై ఏళ్ల వంటవాడు చేతులు పట్టుకుని చూపిస్తే అదీ మింగింది. పెళ్లయిన నాటి నుంచి మొగుడి కోసం ఇంత ఓర్పు ఎన్నడూ పట్టలేదు.

సాయంత్రం రొమాల్దో ఫోన్ చేశాడు.

"ఇచ్చావా?"

"గ్యాలరీ రేపు."

"ఎల్లుండి పొద్దున ఏడింటికటే."

"నాకూ వారాలు తెలుసులే. ఏం తిన్నావు?"

"ఏదో గంజి. నువ్వేం తిన్నావు?"

"ఏడుపు తిన్నాను. పువ్వు పెట్టి ఇచ్చారు. పడుకో."

ఆదివారం మధ్యాహ్నం గ్యాలరీకి వెళ్లారు. తెల్ల గోడలు, చల్లటి గది, మాట్లాడితే ప్రతిధ్వని. యజమాని పేరు లోర్నా, తల నుంచి కాలిదాకా నలుపే కట్టుకుంది. గది మధ్య నల్ల దిమ్మె మీద, ఎర్ర తాడు వెనకాల అంతోనివారు నిలబడి ఉన్నాడు. అదే దిగాలు మొహం. యాభై నాలుగేళ్లలో ఆయనకి మైనం పూసి మెరుగు పెట్టారు గానీ సంతోషం మాత్రం పెట్టలేకపోయారు. సెనైదా చేతిసంచిని ఛాతీకి అదుముకుంది. కోపం అనుకుంది. ఆవిడకి ఏది వచ్చినా ముందు కోపమనే అనుకుంటుంది.

"ఈ ఖాళీ చేతిని చూడండి," అంది లోర్నా, గొంతు బాగా తగ్గించి. "అంతోనివారి ప్రతి శిల్పంలోనూ బిడ్డ ఉంటాడు. ఇందులో లేడు. ఆ అజ్ఞాత పల్లె శిల్పి కావాలనే బిడ్డని చెక్కలేదు. రెండు వందల ఏళ్ల కిందటే అతను లేమిని చెక్కాడు. ఈ శూన్యమే ఈ శిల్పానికి ఆత్మ."

పదిమందీ ఆ శూన్యం వైపు చూసి నిట్టూర్చారు. ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు.

"చెక్కాడమ్మా," అంది సెనైదా.

"ఏమన్నారు?"

"బిడ్డని చెక్కాడు. ఇదిగో." చేతిసంచిలోంచి డబ్బా తీసి, మూత తీసి, గుడ్డ విప్పింది. వేలెడంత బాలయేసు, అరిగిన నీలిచొక్కా, ఒక చెవి లేదు. "నేనే తీశాను. నా మొగుడి కోసం తీశాను. ఆయన వచ్చాడు. ఇప్పుడు ఇచ్చేసి పోదామని వచ్చాను. మీ తాడు కొంచెం పక్కకి తియ్యండి."

లోర్నా ఆ బొమ్మని చూడలేదు. సెనైదా బూట్లని చూసింది.

"చూడండమ్మా, ఇలాంటి ముక్కలు నాకు నెలకొకరు తెస్తారు. ఈ శిల్పాన్ని ఒక పెద్దమనిషి ఈ ఖాళీ కోసమే ఎంచుకున్నారు. మంగళవారం వెళ్లిపోతోంది. దాన్ని నింపితే కళని పాడుచేసినట్టు."

"తండ్రికి బిడ్డనిస్తే తండ్రి పాడైపోతాడా?"

"మీకు అర్థం కాదు."

"మా వంటింటి గూట్లో నిలబడ్డవాడు నాకు అర్థం కాడా? ఆయన కాళ్లకి ఆ పురుగు పట్టింది మా మొక్కజొన్న బస్తాల వల్లనమ్మా. శూన్యమట! నేను ఊడదీసిన బొక్క చూసి వీళ్లు ఏడుస్తున్నారు!"

"దయచేసి లోపల పెట్టండి ఆ బొమ్మ," అంది లోర్నా, ఇక గొంతు తగ్గించకుండా. "బ్రెంట్, మనవాళ్లని పక్క గదిలోకి తీసుకెళ్లు. జున్నూ ద్రాక్షసారా పెట్టించాను."

అందరూ కదిలారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోటితో పని జరగదని ఓర్లిందాకి తెలుసు. అందుకే అత్తతో ఏమీ అనలేదు. నేరుగా లోర్నా దగ్గరికి పోయి, పక్క గదిలో గోడంత ఉన్న ఎద్దు పుర్రె చిత్రాన్ని చూపించింది.

"ఇది మా సోఫా రంగుకి నప్పుతుందంటారా?"

లోర్నాకి అంతకంటే పెద్ద తిట్టు లేదు. కళకీ సోఫాకీ తేడా వివరించడానికి ఆవిడ పక్క గదిలోకి వెళ్లింది. ఆ వివరణ తొందరగా అయ్యేది కాదు.

సెనైదా తాడు దాటింది. డెబ్బై రెండేళ్ల మోకాలు కీచుమంది. అంతోనివారి ముంజేతి మీద బిడ్డ కూర్చునే చిల్లు మైనంతో పూడిపోయి ఉంది. జడలోంచి పిన్ను తీసి ఆ మైనం గీకింది. గీకుతూ గొణిగింది, "ఎంత పూశారయ్యా నీకు! శవానికి కూడా ఇంత పుయ్యరు." బిడ్డ అడుగున ఉన్న చిన్న మేకుని ఆ చిల్లులో పెట్టి, తీసినప్పుడు ఎటు తిప్పిందో దానికి ఎదురు తిప్పింది. టక్కుమని కూర్చుంది. తండ్రి చొక్కా చేతి మీద సగంలో ఆగిపోయిన ఎర్ర చార ఒకటి ఉంది. అది బిడ్డ అంగీ మీదకి సాగి పూర్తయింది. ఆ పాతకాలపు శిల్పి ఒకే కుంచెతో, ఒకే ఊపున గీసిన చార అది.

వేలు బిడ్డ మీదే ఉంచి, రెండో చేత్తో ఫోను తీసి, ఓర్లిందా నేర్పినట్టు బొమ్మ కనబడేలా నొక్కింది. రొమాల్దో మొహం వచ్చింది, ముక్కులో గొట్టంతో.

"చూడు," అంది.

రొమాల్దో ఫోనుని ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు.

"నవ్వుతున్నాడా?"

"ఏనాడు నవ్వాడు? అదే ఏడుపు మొహం."

"పోన్లే. చేతిలో బిడ్డున్నాడు చాలు. నర్సుని పిలిచి కాగితం తెమ్మంటా." దిండుకి చేరగిలబడ్డాడు. "ఇక అరువు తీరిందే సెనైదా. హాయిగా ఉంది. నువ్వు కూడా ఇక ఆ వేలు తియ్యి, కనబడుతోంది నాకు."

ఫోను పెట్టేశాడు. వేలు మాత్రం ఆవిడ తియ్యలేదు.

ఇంతలో గుంపు తిరిగి వచ్చింది. బ్రెంట్ చేతిలో గ్లాసు, బొమ్మ వైపు వీపు. "వెళ్లేముందు ఆ శూన్యాన్ని మరొక్కసారి మనసులో నింపుకుందాం..."

"శూన్యం ఏదండీ?" అంది టోపీ ఆవిడ. "బిడ్డ ఉన్నాడుగా."

లోర్నా పరుగెత్తుకొచ్చింది. తాడు దాటి, బిడ్డని లాగడానికి చెయ్యి చాచింది.

"లాగండి," అంది సెనైదా, వేలు తీసి పక్కకి జరుగుతూ. "కానీ ఊరికే లాగకూడదు. ఏదో ఒకటి అడిగి తియ్యాలి. ఆ పని జరిగాక మళ్లీ తెచ్చివ్వాలి. నాకు యాభై నాలుగేళ్లు పట్టింది. మీకేం కావాలో చూసుకుని అడగండి."

లోర్నా చెయ్యి గాల్లోనే ఆగింది. అడగడానికి తనకేం కావాలో ఆవిడకి తోచినట్టు లేదు. అప్పుడు ఆ ఎర్ర చార కనబడింది. వంగి చూసింది, కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూసింది. మొహంలో రంగులు మారాయి. తలుపు దగ్గరికి వెళ్లి, ఆ కొనే పెద్దమనిషికే కాబోలు, ఫోన్ చేసి, ఐదు నిమిషాల్లో తిరిగి వచ్చింది. గొంతు మళ్లీ తగ్గించింది.

"మిత్రులారా, అరుదైన క్షణం. అర్ధశతాబ్దం ఎడబాటు తర్వాత తండ్రీ బిడ్డా కలుసుకున్నారు. ఈ నిండుదనమే ఈ శిల్పానికి ఆత్మ."

పదిమందీ ఆ నిండుదనం వైపు చూసి నిట్టూర్చారు. ఇందాక కళ్లు తుడుచుకున్నాయనే మళ్లీ తుడుచుకున్నాడు. వీళ్లని తిట్టడానికి నా దగ్గర మాటల్లేవు. సెనైదా దగ్గర ఉన్నాయి, కానీ ఆవిడ ఆ సమయంలో వాళ్లని వినడం లేదు.

అందరూ వ్యాను వైపు వెళ్లారు. "అయిపోయిందత్తా, పద," అని ఓర్లిందా తలుపు దగ్గర నిలబడింది. సెనైదా కదల్లేదు. అంతోనివారి ఎదురుగా నిలబడి, అలవాటు ప్రకారం చూపుడువేలు ఎత్తింది.

"రేపు ఆయనకి గానీ ఏదైనా అయిందంటే..."

మిగతా మాట రాలేదు. అయితే ఏం చేస్తుంది? గోడవైపు తిప్పడానికి ఇది తన ఇల్లు కాదు. దాచడానికి బిడ్డ తన దగ్గర లేడు. సంచిలో ఉన్నది ఉత్త డబ్బా. లారీ బోల్తా పడ్డ రోజునా, కడుపులో పుండు పడ్డ రోజునా ఏదో ఒకటి చేతిలో పట్టుకుని మాట్లాడింది. ఇవాళ ఏమీ లేదు. ఆవిడకి భయం వేసింది. ఇది కోపం కాదని ఈసారి తెలిసింది. పెళ్లికి ముందు వాకిట్లో నిలబడి దుమ్ము చూసిన రోజున కూడా ఇంత భయం లేదు.

ఎత్తిన వేలు దించింది. రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఎర్ర తాడుని పట్టుకుంది.

"నాకు అడగటం రాదు," అంది, ఓర్లిందాకి కూడా వినబడనంత నెమ్మదిగా. "ఇన్నాళ్లూ బెదిరించడమే తెలుసు. రేపు ఏడింటికి కోస్తారు. మొండిఘటం, ఒక చెవి వినబడదు, చేసిన కూరకి ఏనాడూ బాగుందనలేదు. అయినా ఆయన నాకు కావాలి. ఇంటికి పంపించెయ్యి స్వామీ."

అంతోనివారు బిడ్డనే చూస్తున్నాడు. పిల్లలతో గానీ, మొగుడితో గానీ, దేవుడితో గానీ డెబ్బై రెండేళ్లలో ఒక్కసారైనా అనని మాట ఒకటి ఆవిడ దగ్గర మిగిలింది.

"నీ ఇష్టం," అంది సెనైదా.